దోఖూన్ కాలికి గొలుసు

తూపో మా ఆవిడకి అక్క. మా కరెన్ తెగవాళ్లలో పెళ్లయ్యాక మగవాడే మూట సర్దుకుని అత్తారింటికి వెళ్లాలి. అలా లాసే అనే నేను కొండ అవతలి ఊరినుంచి వచ్చి ఈ ఇంట్లో పడ్డాను. వచ్చిన రోజు ఆవిడ నిచ్చెన మీద కూర్చుని పైపు కాలుస్తోంది. నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఏమే మూయే, ఇంతకన్నా గట్టివాడు దొరకలేదా? గాలొస్తే మనమే పట్టుకోవాలి ఇతన్ని" అంది చెల్లెలితో. ఆ రోజునుంచి ఆవిడ నాకు వదిన, నేను ఆవిడ నోటికి మేత.

మనిషి పొట్టి. నా భుజం దాకా కూడా రాదు. గొంతు మాత్రం ఈ గట్టు మీద తిడితే ఆ గట్టు మీద నాట్లేసేవాళ్లు నడుం ఎత్తి చూసేంత. చిన్నప్పుడు చియాంగ్‌మాయి నగరంలో ఒక నూడుల్స్ కొట్లో గిన్నెలు తోమడానికి వెళ్లి, పట్టుమని ఏడాది ఉండలేక తిరిగొచ్చేసిందట. ఎందుకొచ్చావని అడిగితే, "అక్కడ రాత్రిళ్లు వాగు చప్పుడు లేదు, నిద్ర పట్టలా" అనేది. వచ్చాక చేరాని చేసుకుంది. చేరా మావటి. వాళ్లింటి ఏనుగు దోఖూన్‌ని తోలేవాడు. దోఖూన్ అంటే రేలపువ్వు. పేరుకి పువ్వే గానీ, మహా పొగరుమోతుది.

ఊళ్లో ఏనుగుకి పని లేక, చేరా దాన్ని కింద పట్నం దగ్గర స్వారీల క్యాంపుకి తోలుకెళ్లాడు. వదిన కూడా వెంట వెళ్లి, ఆ క్యాంపు వెనకాల రేకుల షెడ్లో కాపురం పెట్టింది. పొద్దున లేస్తే దాని వీపు మీద ఇనప కుర్చీ, కుర్చీలో ఇద్దరు, సాయంత్రందాకా అదే బాట. లోకమంతా జబ్బొచ్చి ప్రయాణాలు ఆగిపోయినప్పుడు, మేత పెట్టలేను, మీ ఏనుగుని మీరు తీసుకుపొమ్మన్నాడు క్యాంపు ఆసామి. మొగుడూ పెళ్లాం ఏనుగుతో పాటు కొండలెక్కి నడిచి ఇంటికొచ్చారు. తరువాతి వానాకాలానికి చేరా కామెర్లు ముదిరి పోయాడు.

అతను పోయాక దోఖూన్ ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. నేను అరటి బోదె పట్టుకెళ్తే బోదెతో పాటు నన్నూ విసిరికొట్టబోయింది. చివరికి వదినే వెళ్లి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడి, "ఏమే దొంగదానా, మొగుడు పోయింది నాకు. నువ్వెందుకే తిండి మానేశావ్?" అని తిట్టింది. అది తొండం చాచి బోదె తీసుకుంది. అలా వదిన ఏనుగు దగ్గర నిలిచిపోయింది.

మా మామ కేపాకి అది నచ్చలేదు. ఆయన వయసులో ఉండగా టేకు దుంగలు లాగించిన మావటి. ఆడది ఏనుగు తాడు దాటితే అరిష్టమని మా పెద్దవాళ్ల నమ్మకం.

"దాటను నాన్నా. చుట్టు తిరిగి వెళ్తాను" అంది వదిన. అన్నట్టే, తాడు నేల మీద కనబడితే దాని చివరిదాకా నడిచి, మలుపు తిరిగి వచ్చేది. మేమంతా నవ్వేవాళ్లం. ఆయన కూడా మొహం తిప్పుకుని నవ్వుకునేవాడు.

ఆ రోజుల్లోనే దిలోక్ ఊరికి వచ్చాడు. వదినకి పిన్ని కొడుకు. చదువుకుని, పట్నంలో హోటల్లో పనిచేసి, అది మూతపడితే తిరిగొచ్చాడు. మా దోఖూన్‌నీ, పక్కింటి వాళ్ల ముసలి ఏనుగు మేబువానీ కలిపి ఏనుగుల శరణాలయం అని పెట్టాడు. స్వారీ ఉండదు. ఒంటి మీద చెయ్యి వెయ్యడం, నీళ్లలో స్నానాలు చేయించడం, ఏమీ ఉండవు. వచ్చినవాళ్లు ఏనుగుల వెనకాల దూరంగా అడవిలో నడవాలి, అవి తింటుంటే చూడాలి, మా ఇంట్లో అన్నం తిని చాప మీద పడుకోవాలి, వెళ్లాలి. "దీనికి ఎవడొస్తాడ్రా?" అన్నాడు మామ. వచ్చారు. వీపున తమ ఎత్తు సంచులు మోసుకుంటూ, మోకాళ్లదాకా బురదతో వచ్చారు. మూటలవాళ్లని పేరు పెట్టాం వాళ్లకి. నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు కాబట్టి నేను దుబాసీని, బండి నడిపేవాణ్ని కూడా.

దిలోక్ ఊరి మొదట్లో పెద్ద బోర్డు పాతాడు. ఇక్కడ స్వారీ లేదు, అంకుశం లేదు, గొలుసు లేదు అని రంగులేయించాడు. ఉన్న గొలుసులన్నీ పాత ఇనప కొట్టుకి తోలేశాడు. ఒక్కటి మాత్రం నేను దాచుకున్నాను. వానాకాలంలో నా బండి బురదలో దిగబడితే లాగడానికి అంతకన్నా మంచిది దొరకదు.

అడవిలో తిరిగే రోజుల్లో పొరుగూరి మగ ఏనుగుతో కలిసి దోఖూన్ చూలు కట్టింది. మనిషైతే ఈపాటికి ఇద్దర్ని కనేది అన్నంత కాలం మోసింది. నెలలు నిండే ముందు కింద ఏనుగుల ఆసుపత్రినుంచి డాక్టరమ్మ వచ్చి చూసింది. పొట్ట కింద చెయ్యి పెట్టి, చెవి ఆనించి, చాలాసేపు తిరిగింది.

"తొలి కాన్పు. ఎక్కువకాలం స్వారీల క్యాంపులోనే గడిపింది. వేరే ఏనుగు ఈనడం ఇది ఎప్పుడైనా చూసిందా?" అని అడిగింది.

"లేదమ్మా" అంది వదిన.

"అయితే జాగ్రత్త. కొన్ని భయపడతాయి. పుట్టినదాన్ని తంతాయి. చదును నేల చూసి, గట్టి కంచె కట్టి, ఇప్పట్నుంచే దీన్నీ ఆ ముసలిదాన్నీ అందులో ఉంచండి."

దిలోక్ సరేనన్నాడు. డాక్టరమ్మ బండి ఎక్కగానే వదిన అడ్డం తిరిగింది. "ఇన్నేళ్లు కట్టేసి ఉంచారు దాన్ని. ఇప్పుడిప్పుడే దాని ఇష్టం వచ్చినట్టు తిరుగుతోంది. మళ్లీ కంచెలో పెడతారా? నేను ఒప్పుకోను" అంది. దిలోక్ ఎంత చెప్పినా వినలేదు. ఇంటి కింద వెదురు పొదల్లో దానికి అలవాటైన చోటుంది, అక్కడే కంటుంది అంది. కంచె పని సగంలో ఆగిపోయింది. వదిన మాటకి ఎదురు చెప్పి గెలిచినవాడు మా ఇంట్లో లేడు.

వరి పొట్ట మీదున్న రోజులు. వాన తగ్గినట్టే తగ్గి మళ్లీ పట్టుకుంది. శరణాలయానికి కొన్నాళ్లు ఎవర్నీ రావద్దని దిలోక్ చెప్పేశాడు. అయినా ఒక సాయంత్రం ఇద్దరు తడిసి ముద్దయి మెట్ల దగ్గర నిలబడ్డారు. రద్కా అని ఒకమ్మాయి, మాతేయ్ అని ఒకబ్బాయి. చెక్ దేశం వాళ్లు. ఎక్కడో మా గురించి విని, కబురు చెయ్యకుండా మెయిన్ రోడ్డునుంచి నడుచుకుంటూ వచ్చేశారు. ఆ అమ్మాయి సంచి మా మూయే కన్నా ఎత్తుంది.

"పంపించెయ్" అంది వదిన.

"ఎక్కడికక్కా? వాగు పొంగింది" అన్నాడు దిలోక్.

"అయితే ఇంట్లోంచి కదలొద్దని చెప్పు. దానికి ఇవాళో రేపో అన్నట్టుంది. పొద్దుట్నుంచి తోక ఒకటే కొట్టుకుంటోంది."

నేను వాళ్లిద్దరికీ చెప్పాను. కిందికి దిగొద్దు, వెదురు పొదలవైపు వెళ్లొద్దు, గట్టిగా మాట్లాడొద్దు అన్నాను. ఇద్దరూ తలలూపారు. మంచి పిల్లలే. ఆ పూట అన్నం, గుమ్మడాకు పులుసు, మిరపకాయ పచ్చడి పెడితే కళ్లనీళ్లు కారుస్తూ తిని, చేతులు జోడించి పడుకున్నారు.

తెల్లారేసరికి వాన పోయింది. పొలాల మీద మంచు పైకి లేస్తోంది. వదిన అప్పటికే పొదల దగ్గరుంది. దోఖూన్ ఒకచోట నిలబడదు. నాలుగడుగులు వేస్తుంది, వెనక కాళ్లు వంచి సగం కూర్చుంటుంది, లేస్తుంది. మేబువా పక్కనే నిలబడి తొండంతో దాని పొట్ట తడుముతోంది. వదిన కాస్త దూరంలో రాయి మీద కూర్చుని, పైపు వెలిగించకుండానే నోట్లో పెట్టుకుని చూస్తోంది. నేను గంజి తీసుకెళ్తే సైగ చేసింది, అక్కడే ఉండమని.

"నీళ్లు పోయాయి. ఇక ఎంతో సేపు లేదు" అంది. ఆవిడ అంత నెమ్మదిగా మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు.

అప్పుడు ఆ చప్పుడు మొదలైంది.

ముందు తేనెటీగలనుకున్నాను. వదిన కూడా అదే అనుకుని చుట్టూ చూసింది. వెదుళ్ల పైనుంచి, మా నెత్తి మీదుగా, నల్లటి సాలెపురుగు లాంటిది రివ్వుమని వచ్చి ఆగింది. ఎగిరే కెమెరా. మాతేయ్ ఇంటి వెనక గట్టెక్కి పొలాల మీద మంచు తీద్దామని వదిలాడట. పొదలు ఆ వైపు ఉన్నాయని అతనికి తెలీదు. కిందికి దిగొద్దన్నాను గానీ పైకి ఎక్కొద్దని నేను చెప్పలేదు.

దోఖూన్ ఘీంకరించిన తీరు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తేనెటీగలంటే ఏనుగుకి ప్రాణభయం. వెదుళ్లు ఫటఫటా విరుచుకుంటూ వాలుకి పరుగెత్తింది. వాలు కింద వాగు పాయ. వాలంతా బురద, కింద రాళ్లు.

"ఆపు! దాన్ని ఆపమని చెప్పు!" అని నా మీద అరుస్తూనే వదిన దాని వెనక దూకింది. నేను గట్టువైపు చూసి నోటికొచ్చిన భాషలో అరిచాను. చప్పుడు ఆగింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

నేను జారుకుంటూ కిందికి చేరేసరికి దోఖూన్ పాయ మధ్యలో వెనక కాళ్లు వంచి ఉంది. ఒక్కసారిగా రక్తమూ నీళ్లూ కలిసి కుమ్మరించినట్టు పడి, వాటితో పాటు తెల్లటి పొరలో చుట్టిన మూట రాళ్ల మీద దబ్బున పడింది. మూట కదలలేదు. దోఖూన్ వెనక్కి తిరిగి చూసింది. అది ఏమిటో దానికి తెలియలేదు. చెవులు విప్పి, తొండం ముడిచి, ముందు కాలితో తన్నింది. మూట రెండు మూరలు దొర్లి నీళ్లలో పడింది. పొర చినిగింది. లోపల ఎర్రటి వెంట్రుకలతో తల కనబడింది.

"ఒసేయ్, నీ బిడ్డే అది! నీ బిడ్డ!" వదిన మోకాలిలోతు నీళ్లలోకి వెళ్లి దానికీ గున్నకీ మధ్య నిలబడింది.

పైనుంచి దిలోక్, మామ, మూయే పరుగెత్తుకొచ్చారు. మా ఊళ్లో ఫోను మా ఇంటి నిచ్చెన మీదే పలుకుతుంది. మూయే మళ్లీ వెనక్కి పరుగెత్తి డాక్టరమ్మని పట్టుకుంది. డాక్టరమ్మ చెప్పింది విని, గట్టు మీద నిలబడ్డ రద్కాని దుప్పటి తీసుకెళ్లమని సైగ చేస్తూ, అక్కణ్నుంచే అరుస్తోంది.

"ముందు కాలు కట్టెయ్యమంటోంది! తాడు కాదు, తెంపేస్తుందట! గున్నని పక్కకి లాగాలట, దూరం కాదు, దానికి కనబడేలా!"

"గొలుసు" అంది వదిన, వెనక్కి తిరగకుండానే. "లాసే, నీ బండిలో గొలుసు."

దిలోక్ నా చెయ్యి పట్టుకున్నాడు. "బావా, ఒక్క క్షణం. అక్కా, గొలుసు వెయ్యమని నేనెలా చెప్పను? మనం ఏం రాసుకున్నాం? ఈ ఇద్దరూ చూస్తున్నారు. ఇంకేదైనా దారి..."

"నువ్వు రాసుకున్నది దానికి చదివి వినిపించు. తన్నడం ఆపుతుందేమో!"

దోఖూన్ మళ్లీ ముందుకి వచ్చింది. మేబువా అడ్డంగా దూరి తన పక్కటెముకలతో దాన్ని నెట్టింది. ముసలిది అలా నెట్టకపోతే ఆ రెండో తన్ను వదినకే. దిలోక్ అది చూశాడు. నా చెయ్యి వదిలేసి, "పద, నేనూ వస్తా" అన్నాడు. ఇద్దరం బండి దగ్గరికి పరుగెత్తాం.

గొలుసు మోసుకుని దిగేటప్పటికి వదిన దాని చెవి పట్టుకుని వేలాడుతోంది. వేలాడుతోందనే అనాలి, పాదాలు నేల మీద లేవు. నోరు మాత్రం ఆగలేదు. "ఏమే, ఏం చూసుకుని నీకింత కోపం? నేను లేనా? నన్ను చూడు, ఇటు చూడు, అటు కాదే సిగ్గులేనిదానా." ఇంట్లో కుండ మాడబెట్టిన చెల్లెలిని తిట్టినట్టే తిడుతోంది. దోఖూన్ ఒళ్లంతా వణుకుతోంది. కంటి చుట్టూ తెల్లగుడ్డు కనబడుతోంది.

"మరిదీ, దాని ఎడమ కాలు. నేను తల ఇటు తిప్పి పట్టుకుంటా. చుట్టి ఆ చెట్టు మొదలికి వెయ్. కింద పడ్డావంటే లేవడం ఉండదు. పడకు."

నేను మావటిని కాదు. బండి నడుపుకునేవాణ్ని. కొక్కెం రెండుసార్లు జారిపోయింది. మామ వెనకనుంచి "కింద కాదురా, మడమ పైన, మడమ పైన" అంటున్నాడు. గొలుసు చల్లదనం తగిలేసరికి దోఖూన్‌కి పాతదేదో గుర్తొచ్చినట్టుంది. ఒక్కసారి బిగుసుకుపోయింది. తరువాత తల విసిరింది.

వదిన గాల్లోకి లేవడం నేను చూశాను. రాళ్ల మీద భుజం ఆనేలా పడింది. ఎండు కట్టె విరిగిన చప్పుడు వచ్చింది. నేను కొక్కెం తగిలించాను. మామ, దిలోక్ రెండో కొసని చెట్టుకి చుట్టేశారు. దోఖూన్ లాగింది. గొలుసు టంగుమని బిగిసింది. చెట్టు ఊగిపోయి, నిలబడింది.

"నన్నొదిలెయ్యండి, గున్న!" అని అరిచింది వదిన బురదలోంచి.

అప్పటికి ఎవరో నీళ్లలో ఉన్నారు. మాతేయ్. ఎప్పుడు దిగాడో తెలీదు. ఎవరూ పిలవలేదు. గున్న రెండు చంకల కింద చేతులు దూర్చి ఆ బరువు లాగలేక లాగుతున్నాడు. నేనూ దిలోక్ తోడయ్యాం. రద్కా పైనుంచి దుప్పటి విసిరితే దాని మీదికి దొర్లించి ఇసుక మీదికి ఈడ్చాం. గున్న ఊపిరి తియ్యడం లేదు. నాలుక నీలంగా పక్కకి వేలాడుతోంది.

"తొండంలోంచి జిగురు లాగెయ్యాలట! రుద్దమంటోంది, గట్టిగా రుద్దమంటోంది, గడ్డితో!" పైనుంచి మూయే గొంతు బొంగురుపోయింది.

మామ మోకాళ్ల మీద కూలబడి, ఆ చిన్న తొండం చివర నోట్లో పెట్టుకుని పీల్చి ఉమ్మాడు. మళ్లీ పీల్చాడు. మేం గడ్డి పెట్టి రుద్దుతూనే ఉన్నాం. వదిన ఒక చెయ్యి వేలాడేసుకుని పాకుతూ వచ్చి, రెండో చేత్తో దాని ఛాతీ మీద చరిచింది. వెనక గొలుసు చప్పుడు, నీళ్ల చప్పుడు. నేను మనసులో వదిలేసుకున్నాను. దిలోక్ అయితే రుద్దడం ఆపి పక్కకి తిరిగిపోయాడు కూడా.

గున్న తుమ్మింది.

తుమ్మి, వెర్రిగా కాళ్లు తన్నుకుంది. ఆ తన్నుల్లో ఒకటి మాతేయ్ గడ్డానికి తగిలి పెదవి చిట్లింది. అతను వెల్లకిలా పడి ఏడుపు మొదలెట్టాడు. వదిన అతనివైపు చూసి, "ఇతనికేమైంది? విరిగింది నా చెయ్యి కదా" అంది. తరువాత కళ్లు తిరిగి పడిపోయింది.

చెయ్యికి వెదురు బద్దలు కట్టి ఇంటికి మోసుకెళ్దామంటే వదిన రానంది. చెట్టు కింద చాప వేయించుకుని అక్కడే పడుకుంది. గున్న లేచి నిలబడింది, పడింది, మళ్లీ నిలబడింది. తల్లి వైపు వెళ్తుంటే మేం పట్టి ఆపుతున్నాం. పాలు పడకపోతే అది బతకదు. తల్లి దగ్గరికి పోతే చస్తుంది. దోఖూన్ గొలుసు లాగడం మానేసింది గానీ, గున్న అరిచినప్పుడల్లా చెవులు నిక్కబొడుచుకుని కాలు ఎత్తుతోంది. మేబువా మాత్రం ఇద్దరి మధ్య గోడలా నిలబడి, మేత కూడా ముట్టలేదు.

డాక్టరమ్మ బండి వాగు అవతల ఆగిపోతే, సామాన్లు నెత్తిన పెట్టుకుని దాటొచ్చింది. వస్తూనే దోఖూన్‌కి మత్తు సూది వేసింది, నిద్రపోయేంత కాదు, నెమ్మదించేంత. చన్నులు పిండి మొదటి పాలు సీసాలోకి తీసింది. గున్న తాగుతుంటే చప్పరింపు వాగు మీదుగా వినిపించింది. ఆ తరువాత వదిన దగ్గరికొచ్చి చెయ్యి చూస్తూ అడిగింది.

"కంచె కట్టమన్నాను కదా?"

"అన్నారమ్మా. నేనే వద్దన్నాను."

డాక్టరమ్మ ఇంకేమీ అనలేదు. అననందుకు వదిన ఎక్కువ బాధపడింది. "నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టడం రాదు పాపం ఆవిడకి" అంది నాతో తరువాత.

సాయంత్రానికి మాతేయ్ ఆ కెమెరా పట్టుకొచ్చి వదిన చాప దగ్గర పెట్టి, మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఏం చెయ్యమంటే అది చేస్తాను, పగలగొట్టమన్నా పగలగొడతాను అన్నాడు. నేను చెప్పాను. వదిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పగలగొడితే నా ఎముక అతుక్కుంటుందా? పక్కన పెట్టి అరటి బోదెలు నరకమను. మేబువా పొద్దుట్నుంచి తినలేదు."

నరికాడు. అరచేతులు బొబ్బలెక్కేదాకా నరికాడు.

దిలోక్‌కి మాత్రం ఆ రాత్రి అన్నం దిగలేదు. రద్కా ఫోనులో గొలుసు కాలు ఉంది, అతను చూశాడు. అడగాలా వద్దా అని తిరిగి తిరిగి, చివరికి వదిన దగ్గర కూర్చున్నాడు. "అక్కా, ఆ బొమ్మ బయటికి వెళ్తే మన పని అయిపోయినట్టే. తీసెయ్యమని అడగనా?"

"ఎందుకు? అబద్ధమా అది?"

"అబద్ధం కాదు. కానీ చూసేవాళ్లకి..."

"ఉన్నది ఉన్నట్టు చెప్పమను. చెయ్యి విరిగింది, గున్న బతికింది, గొలుసు వేశాం. అన్నీ చెప్పమను."

రద్కా ఆ బొమ్మతో పాటు అన్నీ ఇంటర్నెట్లో రాసింది. గొలుసు ఎందుకు వేశామో, తన స్నేహితుడు ఏం చేశాడో దాచకుండా రాసిందని దిలోక్ చదివి చెప్పాడు. కానీ మనుషులు రాత వదిలేసి బొమ్మ ఒక్కటే పట్టుకున్నారు. గొలుసు లేదన్న చోట గొలుసు అని ఎక్కడెక్కడివాళ్లో తిట్టారు. ఆ చలికాలం మూటలవాళ్లు చాలా తక్కువమంది వచ్చారు. దిలోక్ పాలిపోయిన మొహంతో ఒక్కొక్కళ్లకి జవాబులు రాస్తూ కూర్చునేవాడు. కొందరు అర్థం చేసుకున్నారు. కొందరు లేదు. బోర్డు మీద మూడో మాట చెరిపి, ఏం రాయాలో తేలక చాలారోజులు ఖాళీగా ఉంచాడు. ఇప్పుడు అక్కడ, మమ్మల్ని అడగండి అని ఉంది.

దోఖూన్ గున్నని దగ్గరికి తీసుకోవడానికి కొన్ని రోజులు పట్టింది. డాక్టరమ్మ చెప్పినట్టు రోజూ గున్నని మేబువా పొట్ట కింద నిలబెట్టి కాస్త కాస్త దగ్గరికి జరిపేవాళ్లం. ఒకరోజు పొద్దున గున్న మా చేతుల్లోంచి జారి సూటిగా తల్లి కాళ్ల మధ్యకి దూరిపోయింది. దోఖూన్ కాలు ఎత్తింది. ఎత్తి, అలాగే ఉంచింది. తరువాత మెల్లగా దించి, తొండంతో గున్న వీపు మీద ఒక చివరనుంచి ఇంకో చివరిదాకా వాసన చూసింది. గున్న తాగడం మొదలెట్టింది. "గొలుసు తియ్యి" అన్నాడు మామ. నేనే తీశాను.

వదిన అప్పటికి ఆసుపత్రినుంచి వచ్చింది. చెయ్యి అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. ఆ చేతిని తలకన్నా పైకి ఎత్తలేదు, దాంతో బరువు పట్టలేదు. ఏనుగుల వెనక తిరిగే పని నాకు వచ్చిపడింది. "చూశావా, గాలికి ఎగిరేవాణ్ని ఏనుగుకి అప్పజెప్పాం" అని అందరికీ చెప్పుకుని నవ్వుతుంది.

ఒకసారి పైపులో పొగాకు కూరి ఇస్తూ అడిగాను. "వదినా, ఆ రోజు భయం వెయ్యలేదా?"

"ఆ రోజు ఏమిటి? ఎప్పుడూ భయమే." పొగ వదిలింది. "క్యాంపులో ఉండగా నన్ను ఒకసారి గోడకేసి నొక్కింది. మీ చేరా అన్నకి చెప్పలేదు. చెబితే దాన్ని కొడతాడని. అప్పట్నుంచి దాని దగ్గరికి వెళ్లినప్పుడల్లా అదే గుర్తొస్తుంది నాకు. అందుకే గట్టిగా తిట్టేదాన్ని. గొంతు వణకడం దానికి వినబడకుండా."

ఇన్నేళ్లూ ఆ తిట్లు విని మేమంతా నవ్వాం.

దోఖూన్ ఇప్పుడు అందర్నీ రానిస్తుంది. నన్ను రానిస్తుంది, డాక్టరమ్మని రానిస్తుంది. వదినని మాత్రం రానివ్వదు. గొలుసు వేసేటప్పుడు తల పట్టుకుంది ఆవిడే కదా. వదిన గొంతు వినబడితే చాలు, పిల్లని ముందు నడిపించుకుని వెదుళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. మొదట్లో వదిన చాలాసార్లు ప్రయత్నించింది, ఉప్పు పట్టుకెళ్లింది, పాత పేర్లతో పిలిచింది. తరువాత మానేసింది.

పొలంలో గుమ్మడికాయలు దిగినప్పుడల్లా బాగా పండినది ఏరి, ఎడమ చంకలో పెట్టుకుని, పొదల దాకా వెళ్తుంది. అక్కడ రాయి మీద పెట్టి, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెనక్కి వచ్చేస్తుంది. ఆవిడ గట్టు ఎక్కి కనుమరుగయ్యాకే దోఖూన్ బయటికి వస్తుంది. కాయని కాలితో పగలగొట్టి, సగం తను తిని, సగం పిల్లకి వదిలేస్తుంది. నేను ఇంటికెళ్లి, తిన్నది వదినా అని చెప్తాను.

"తినక ఏం చేస్తుంది, తిండిపోతుది" అంటుంది వదిన, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ.